సున్నపు గోడలతో ఏడేళ్లు

పుంగనూరులో ఖాజాబీ ఇంటి తూర్పు గోడ వానకు పడిపోయిందని మా రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు రాసింది నేనే. గోడకు ముప్పు ఉందని నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం అందులో లేదు. ఇంతవరకు అది ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, ఆఫీసులో పక్క సీటు వాళ్లకు చెప్పలేదు. కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా రాసుకునే నా డైరీలో ఆ రోజు "గోడ పడింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు" అని రెండు ముక్కలు రాసి మూసేశాను.

మీరు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నారు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఏమిటీ పని

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైన పెద్దవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై రెండు నిండలేదు. కానీ మా ప్రాజెక్టు ముగిసింది, దాంతోపాటు నా కాంట్రాక్టు ఉద్యోగమూ ముగిసింది. సివిల్ డిప్లొమా చేతబట్టుకుని మదనపల్లె ఆఫీసులో చేరాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ల పాత వీధుల్లో ఏడేళ్లు తిరిగాను. ఎక్కువ కాలం బస్సుల్లోనే గడిచింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం చదువుకునేదాన్ని, ఎవరైనా పలకరిస్తే పుస్తకం మూసి బ్యాగులో దాచేదాన్ని. అంత మొహమాటం నాది.

కాగితం మీద మా పథకం పేరు చాలా పొడుగు. మామూలు మాటల్లో చెప్పాలంటే ఇంతే. ఊళ్లన్నీ బైపాసు వైపు పాకుతున్నాయి. నడి ఊళ్లో పాత ఇళ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడుతున్నాయి. నాలుగిళ్లకు తాళం పడితే టీ కొట్టు మూతపడుతుంది. టీ కొట్టు పోతే పక్కన చెప్పులు కుట్టేవాడికి కూర్చునే చోటు పోతుంది. ఆ పాత ఇళ్లను బాగుచేయాలి, వీధి వైపు గదుల్లో మళ్లీ అంగళ్లు తెరిపించాలి, బాగుచేసే కూలి కూడా ఆ ఊరివాళ్లకే దక్కాలి. అదీ మా పని.

కాళ్లు యాడ పెట్టుకోవల్ల

నేను చేసిన మొదటి ఇల్లు మదనపల్లెలో ఒక నేత కుటుంబానిది. టేపు పట్టుకుని గోడలు, కిటికీలు, చూరు ఎత్తు, అన్నీ కొలిచాను. ముందు గదిలో నేల మధ్యన ఒక గుంత ఉంది, దాని మీద గోనెపట్టా కప్పి ఉంది. మేము వస్తున్నామని వాళ్లు సామానంతా విప్పి బంధువుల ఇంట్లో పెట్టుకున్నారు. నేను "నేల దెబ్బతిన్నది, పూడ్చాలి" అని రాసుకున్నాను. నెలన్నరకు గుంత పూడ్చి తెల్లటి టైల్స్ వేయించాం.

ఆ ఇంటి కోడలు గడపలో నిలబడి చాలాసేపు చూసింది. "శానా బాగుండాది మేడమ్. ఇప్పుడు కాళ్లు యాడ పెట్టుకోవల్ల?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నేల మీద కూర్చుని, గాలిలో కాళ్లు ఆడించి చూపించింది. వాళ్లది గుంత మగ్గం. నేసేవాళ్లు నేల మీద కూర్చుని, గుంతలోకి కాళ్లు దించి, కింద ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతారు. నేను పూడ్చింది వాళ్ల అన్నం గిన్నె.

మా పై అధికారి సిద్దప్ప సార్ వచ్చి చూసి, నుదురు కొట్టుకున్నాడు. "మనుషులకు కాళ్లుంటాయమ్మా హేమా. ఇల్లు కొలిచేటప్పుడు అది కూడా రాసుకో" అన్నాడు. టైల్స్ పగలగొట్టి మళ్లీ తవ్వించాం. సిద్దప్ప సార్ గట్టి మనిషి. అరుస్తాడు, అరిచింది మర్నాటికి మర్చిపోతాడు. మనం మర్చిపోలేం, అదే తేడా.

అప్పటినుంచి టేపు తీసే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఈ ఇంట్లో ఎవరు ఏం పని చేసుకుంటారు? మీరూ అదే అడగండి. గోడలు ఎక్కడికీ పోవు, తర్వాత కొలవచ్చు.

నేను నోరు తెరవని రోజు

పుంగనూరులో మాకిచ్చింది పాత బజారు వెనక ఒక చిన్న వీధి. తొమ్మిది ఇళ్లు. అన్నీ కాల్చని పచ్చి ఇటుక గోడలు, పైన సున్నం పూత, చాలాచోట్ల పెచ్చులూడి ఉంది. మూడో ఇల్లు ఖాజాబీది. వీధి గదిలో గాజుల అంగడి, వెనక కాపురం. భర్త పోయి చాలా ఏళ్లయింది. ముంజేతిని చూసి సైజు చెప్పేది. నా చెయ్యి చూసి, "నీకు చిన్నపిల్లల గాజులు చాలు బేటీ, తిను కొంచెం" అంది మొదటిరోజే.

ఆ వీధి చివర కాదర్ మేస్త్రీ ఉంటాడు. డెబ్భై దాటాయి. ఆ ఊళ్లో సున్నం పని తెలిసిన చివరి మనిషి ఆయనే అనుకుంటాను. మా మీటింగుకు ముందురోజు నేను ఖాజాబీ ఇంటి వెలుపల గోడ కొలుస్తుంటే వచ్చి, తాపీ మొనతో పూతను గీకి చూపించాడు.

"సూడమ్మా, ఇది పచ్చిటికల గోడ. కిందనుంచి తేమ లాగతాది, పూతలోనుంచి ఇడిసిపెడతాది. సున్నమైతే దాన్ని పోనిస్తాది. సిమెంటు పూసినారనుకో, తేమ లోపలే నిలబడిపోతాది. గోడ లోపల్లోపలే నానిపోతాది."

"ఎన్నాళ్లకు?" అని గొణిగాను. ఇంట్లోనుంచి గాజులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రెండు వానకాలాలు. మూడోది సూడదు. నువ్వు సెప్పు మీ సారుకు. నేను సెప్తే, ముసలోడికి సిమెంటు పని రాదు, అందుకే సున్నం సున్నం అంటాడంటారు."

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. పాత గోడల మీద నేను చదివిన ఒక పుస్తకంలోనూ అదే ఉంది. తిరుగు బస్సులో డైరీ తీసి నాలుగు వాక్యాలు రాసుకున్నాను, మీటింగులో చదవడానికి. వాక్యాలు బాగానే కుదిరాయి కూడా.

మర్నాడు గదిలో పన్నెండుమంది. సిద్దప్ప సార్ అంచనా చదివి, "తొమ్మిదిళ్లకూ సిమెంటు పూత. ఎవరికన్నా అభ్యంతరముందా?" అని తలెత్తాడు. నిజంగానే ఆగాడు. మొక్కుబడికి అడిగిన మనిషి కాదు. డైరీ నా ఒళ్లో తెరిచే ఉంది. నా భయం సారంటే కాదు. నేను మాట్లాడితే పదకొండు తలలు ఒకేసారి నా వైపు తిరుగుతాయి. అంతే, అదొక్కటే. ఎవరో దగ్గారు. సార్ పేజీ తిప్పాడు.

తొమ్మిదిళ్లకూ సిమెంటు పూత పడింది. ఖాజాబీ గోడ మీద చెయ్యి ఆనించి నిమిరింది. "అద్దం మాదిరి ఉండాది బేటీ. మదనపల్లెలో మా అక్క ఇల్లు గూడా ఇంత నున్నగా లేదు." కాదర్ మేస్త్రీ వీధి అవతల నిలబడి చూశాడు. నన్ను ఏమీ అడగలేదు.

గోడ

రెండో ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. ఐదో రోజు పొద్దున పది గంటలప్పుడు, ఖాజాబీ అంగట్లో ఎవరికో గాజులు తొడుగుతుండగా, వెనక తూర్పు గోడ వంటింట్లోకి ఒరిగిపోయింది. ఆ పూట పొయ్యి దగ్గర ఆమె ఉండి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. నేను వెళ్లేసరికి సిమెంటు పూత పెద్ద పలకలా, చెక్కుచెదరకుండా పడి ఉంది. దాని వెనక పచ్చి ఇటుక సంగటి ముద్దలా అయిపోయింది. వేలు పెడితే దిగబడింది.

ఆ సాయంత్రమే సార్ రిపోర్టు అడిగాడు. "భారీ వర్షం వల్ల" అని రాసి ఇచ్చాను.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఒక గోడ పడింది కాబట్టి మిగతా ఎనిమిదిళ్లూ పడతాయని భయం పట్టుకుంది సార్‌కు. "రేపు మనిషి పోతే ఎవరమ్మా జవాబు?" అన్నాడు. ఆ భయం తప్పు కాదు. వీధి మొత్తం నివాసానికి పనికిరాదని రాసి, అందరినీ ఊరి వెలుపల స్థలాలకు పంపించి, ఇక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలన్న మాట వచ్చింది. ఆ స్థలం ఖాజాబీకి చూపించాను. ముళ్లకంప, ఒక కరెంటు స్తంభం, దూరంగా మామిడి తోట.

"ఈడ నా గాజులు ఎవురు కొంటారు బేటీ?" అని అడిగింది. "తొండలకు తొడగల్లా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆమె నవ్వలేదు.

వాన మీదకు నేను తోసిన నేరం ఇప్పుడు తొమ్మిదిళ్ల మీద పడుతోంది. అయినా మీటింగులో లేచి మాట్లాడగలనన్న నమ్మకం నాకు లేదు. అందుకే పడిపోయిన పూతలో ఒక పెద్ద పెచ్చు గోనెసంచిలో చుట్టుకుని, కాదర్ మేస్త్రీని వెంటబెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు "సంచిలో ఏముందమ్మా, నాపరాయా?" అన్నాడు. సార్ టేబుల్ మీద ఫైళ్లు పక్కకు జరిపి దాన్ని పెట్టాను.

"ఇదేంది?"

"గోడ సార్."

తిరగేసి చూశాడు. బయటివైపు ఎండిపోయి గట్టిగా ఉంది. లోపలివైపు అంటుకున్న మట్టి వారమైనా తడారలేదు. బొటనవేలితో నొక్కాడు. అప్పుడు నేను మాట్లాడాను. ముందూ వెనకా కలిపేసి చెప్పాను. కానీ నేను చెప్పేదానికి సాక్ష్యం టేబుల్ మీదే ఉంది కాబట్టి ఆయన కళ్లు దాని మీదున్నాయి, నా మీద లేవు. సిగ్గరి పిల్లలకు నేను చెప్పే కిటుకు ఇదొక్కటే. మాట రాకపోతే వస్తువు తీసుకెళ్లండి.

అంతా విని సార్ అడిగాడు. "ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది హేమా?"

"గోడ పడినాక సార్."

కాదర్ మేస్త్రీ నా పక్కనే నిలబడి ఉన్నాడు. తలెత్తి ఫ్యాన్ వైపు చూశాడు.

సార్ ఒక షరతు పెట్టాడు. ఖాజాబీ పక్కింటి గోడ ఒక్కటి సున్నంతో, మా ఇష్టప్రకారం చేయాలి. వచ్చే ముసురుకు అది బాగుంటే వీధి ఉంటుంది. లేకపోతే ఎవరూ మళ్లీ నోరెత్తకూడదు. పంపిన రిపోర్టును ఎవరూ దిద్దలేదు. దిద్దమని నేనూ అడగలేదు.

బస్టాండులో కాదర్ మేస్త్రీ ఏమంటాడో అని ఎదురుచూశాను. "సున్నపురాయి కావల్ల, గానుగ కావల్ల" అన్నాడు. అంతే.

గానుగ రాయి

సున్నం పూత బజార్లో బస్తాలో దొరకదు. కాల్చిన సున్నపురాయిని గుంటలో నీళ్లు పోసి వారాల తరబడి నానబెట్టాలి. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో, అంటే గుండ్రటి కాలవలో రాతిచక్రం తిప్పుతూ, వెన్నలా అయ్యేదాకా నూరాలి. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలపాలి. ఊళ్లో గానుగ ఎప్పుడో పోయింది. చక్రం మాత్రం పాల కేంద్రం వెనక దొరికింది. పాల క్యాన్లు పట్టుకుని వచ్చేవాళ్లు దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

"పుంగనూరు ఎద్దును కట్టి లాగిద్దాం" అన్నాను, పుస్తకాల మనిషిని కదా.

కాదర్ మేస్త్రీ తన మోకాలి దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపించాడు. "మన పొట్టి ఎద్దు ఇది లాగేలోపల నాకు మునిమనవడు పుడతాడమ్మా."

రామసముద్రం వైపునుంచి ఒక పెద్ద జత తెప్పించాం. ఆ వైపునుంచే రెడ్డెమ్మ కూడా వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, అంతకుముందు మదనపల్లె మార్కెట్లో టమోటాలు గ్రేడింగ్ చేసేది. ధర పడిపోయిన రోజు పని ఉండదు, అందుకని మా దగ్గరకొచ్చింది. ఆమె నోటికి వీధంతా భయపడేది.

"గోడకు బెల్లం పెడితే సీమలు కాపురం సేస్తాయి గదప్పా" అంది మొదటిరోజు.

"సీమలు వస్తే మనుషులూ వస్తారు. కలుపు కలుపు" అన్నాడు మేస్త్రీ.

పక్కింటి గోడనుంచి సిమెంటు పీకేసి, వేసవంతా ఆరనిచ్చాం. రెడ్డెమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు పూత నేర్చుకున్నారు. సిమెంటైతే పూసి పోతారు. సున్నం పూసినాక రోజూ వచ్చి చూడాలి, తడపాలి, చెక్కతో తట్టాలి. మొదట పూసిన మూడు భాగాలూ బీటలిచ్చాయి. తొందరపడి ఎండలో పూయమన్నది నేనే. మేస్త్రీ తాపీతో గీకేశాడు. మళ్లీ పూశాం.

ముసురొచ్చింది. సిద్దప్ప సార్ గొడుగేసుకుని చెప్పకుండా వచ్చాడు. మా గోడ పక్కనే ఉన్న ఇంటి సిమెంటు గోడను వేళ్లతో తట్టాడు, డొల్ల చప్పుడు. మా గోడను తట్టాడు, గట్టి చప్పుడు. మా గోడ తడికి నల్లబడి ఉంది, అందుకని ఆయన మొహమూ నల్లబడింది. "మూడురోజులాగి రాండి సారూ" అన్నాడు మేస్త్రీ. వాన వెలిసిన మూడోరోజు మళ్లీ వచ్చాడు. గోడ తెల్లగా ఆరిపోయి ఉంది. సిమెంటు గోడ అడుగున కొత్తగా ఒక ఉబ్బు లేచింది. ఆయన రెండు చేతులూ రెండు గోడలకు ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"మిగతావన్నీ పీకేయండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ మేస్త్రీ వైపు తిరిగి, "ముందే చెప్పుంటే బాగుండేది పెద్దాయనా" అన్నాడు.

"తప్పయిపోయింది సారూ" అన్నాడు కాదర్ మేస్త్రీ.

ఆ మాటలు నావి. ఆయన నోట విన్నాను. అప్పుడూ నేను నోరు తెరవలేదు.

పాల వేళ

మా గెలుపులే రాస్తే మీకు తప్పుదారి చూపినట్టు. సున్నం పని నేర్పడానికి మదనపల్లెలో పెద్ద శిక్షణ పెట్టాం, పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఐదు దాకా. నలభైమంది పేర్లిచ్చారు. రెండోరోజు ఏడుగురొచ్చారు. జనానికి శ్రద్ధ లేదని ఆఫీసులో తిట్టుకున్నాం. రెడ్డెమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆవులకు మీ టైము ఎవురు సెప్తారు?" అంది. పొద్దున పాలు పిండి కేంద్రంలో పోసి బయలుదేరితే పది దాటుతుంది. సాయంత్రం పిండే వేళకు ఇంట్లో ఉండాలి. శిక్షణను పుంగనూరుకు మార్చి, రెండు పాల వేళల మధ్యన పెట్టాం. నలభై రాలేదు గానీ పందొమ్మిదిమంది నిలబడ్డారు. ఆ పనికి అంతమంది చాలా ఎక్కువ.

ఆ తొమ్మిదిళ్లలో రెండు అమ్ముడుపోయాయి, ఒకదానికి ఇప్పటికీ తాళమే. ఒక్క వీధితో ఊరు మారిపోదు. కానీ ఖాజాబీ గోడ లేచింది. మూతపడ్డ టైలరు గది తెరుచుకుంది. వీధి మొదట్లో టీ కొట్టు పెట్టుకున్నతను సున్నం కూలీల కోసమే పెట్టానన్నాడు. ఇప్పుడు కూలీలు లేరు, కొట్టు ఉంది.

కుప్పం

చివరి రెండేళ్లు కుప్పంలో. పుంగనూరు ఆడవాళ్లు ఆరుగురు పలమనేరులో బస్సు మారి వచ్చేవాళ్లు, వారానికొకసారి ఇంటికి పోయేవాళ్లు. అక్కడ బజారు వీధిలో ఇళ్లవాళ్లతో మీటింగు. తెలుగులో మొదలైన మాట తమిళంలోకి పోయి కన్నడంలో తేలుతుంది. మునస్వామి అని ఒక షావుకారు, "సిమెంటు లేని రిపేరీ ఒక రిపేరీనా?" అని గట్టిగా నవ్వాడు. అందరూ నవ్వారు.

"రిపేరీనేనండీ" అన్నాను నేను.

తలలన్నీ తిరిగాయి. ముప్పై దాకా ఉంటాయి. ఒళ్లో డైరీ లేదు, టేబుల్ మీద పెచ్చు లేదు. ఖాజాబీ గోడ కథంతా చెప్పాను, మీటింగు ముందురోజు మేస్త్రీ నాతో అన్న మాట తప్ప. మునస్వామి, "సరే, ముందు మా ఇంటి వెనక గోడ చేసి చూపించండి, ముందు గోడ తర్వాత చూద్దాం" అన్నాడు. బయటికొచ్చాక రెడ్డెమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "నోరుండాదే నీకు! ఇన్నేండ్లు యాల దాసిపెట్టుకున్న్యావు, వక్కాకు గానీ ఏసుకున్న్యావా?"

ఆ ఆరుగురు ఇప్పుడు మేము లేకుండానే పనులు ఒప్పుకుంటున్నారు. మునస్వామి ముందు గోడ కూడా వాళ్లే చేశారు.

చివరగా

ప్రాజెక్టు ముగిసిన వారం కాదర్ మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. చూపు తగ్గింది. గోడను వేళ్లతోనే చూస్తాడు. సార్ ముందు ఆయన నా తప్పు నెత్తిన వేసుకోవాల్సి వచ్చినందుకు క్షమించమని అడగాలని వెళ్లాను. ఆయన ఆ మాట ఎత్తనివ్వలేదు. రెడ్డెమ్మ జట్టు గురించే అడిగాడు, సున్నం ఎన్ని రోజులు నానబెడుతున్నారని అడిగాడు.

అక్కడినుంచి ఖాజాబీ అంగడికి వెళ్లాను. వంటింట్లో తూర్పు గోడకు ఆనించి పీట వేసి కూర్చోబెట్టింది. గోడ చల్లగా, పొడిగా ఉంది. ఆమెకైనా చెప్పాలి, ఆ పొయ్యి దగ్గర ఉండాల్సింది ఆమె కదా. "ఒక మాట చెప్పాలి మీకు" అన్నాను. "గోడ సంగతి. నాకు ముందే..." అన్నాను.

ఖాజాబీ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"ఆ పొద్దు కాదర్ నీతో సెప్తా ఉంటే నేను తలుపెనకాలే ఉండాను బేటీ. నాకూ నున్నటి గోడే కావాలనుండె, అందుకే నోరు మూసుకున్న్యా. తాగు, చాయ్ సల్లారిపోతాది."